రెండు ఆసులు వచ్చే అవకాశం ఎంత?

కిందటేడాది మా ఆఫీసులో ఫ్రెషర్స్ ఇంటర్వ్యూలు జరిగినప్పుడు టెక్నికల్ రౌండ్‌లో నేనూ కూర్చున్నాను. డేటా ఎనలిస్ట్ పోస్టులు. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడిగాను: 'బాగా కలిపిన పేకలోంచి మీకు రెండు ముక్కలు ఇచ్చాను. రెండూ ఆసులే అయ్యే అవకాశం ఎంత?' పోకర్ ఆడేవాళ్లు దీన్ని స్టార్టింగ్ హ్యాండ్ లెక్క అంటారు. టెక్సస్ హోల్డెమ్ అనే రకంలో ఆట మొదలయ్యేది చేతిలో పడ్డ ఆ రెండు ముక్కలతోనే.

కొందరు టకీమని చెప్పారు. కొందరు ఫార్ములా రాసి తప్పు అంకెలు వేశారు. ఒకమ్మాయి మాత్రం పెన్ను పట్టుకుని ఆగిపోయింది. కాసేపు చూసి, "సార్, అసలు పేకలో ఆసులు ఎన్నుంటాయి?" అని అడిగింది. నా పక్కనున్న సీనియర్ చిన్నగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాళ్లింట్లో పేక అనే మాటే ఎత్తనివ్వరట. 'నాలుగు' అని చెప్పాను. నిమిషంలోపే చేసిచ్చింది.

ఆ రోజు నాకు అర్థమైందేంటంటే, మన ఆప్టిట్యూడ్ పరీక్షలు పేకముక్కలు అందరికీ తెలుసన్న ధీమాతో ప్రశ్నలిస్తాయి. మన ఇళ్లలోనేమో పేక ముట్టుకుంటే తిట్లు. సంక్రాంతికి మామయ్యల మధ్య కూర్చుని ముక్కలు చూసిన అబ్బాయికి ఆ ప్రశ్న సగం తేలిక. లోపల వంటింట్లో పిండివంటల దగ్గరున్న అమ్మాయికి అదే ప్రశ్న రెండు ప్రశ్నలు. అందుకే ముందు తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. పేకలో 52 ముక్కలు. ఇస్పేట్, ఆఠీన్, డైమండ్, కళావర్ అని నాలుగు జాతులు, ఒక్కో జాతిలో 13. ఇస్పేట్, కళావర్ నలుపు. మిగతా రెండూ ఎరుపు. ప్రతి జాతిలోనూ ఒక ఆసు, 2 నుంచి 10 వరకు అంకెలు, ఆపైన జాకీ, రాణి, రాజు. జోకర్లను పక్కన పెట్టేస్తాం. అంతే. ఇది తెలియకపోవడం తెలివితక్కువతనం కాదు, అడగకపోవడమే తప్పు. నా మట్టుకు నేను ఆ అమ్మాయికి ఎక్కువ మార్కులు వేసింది ఆ ఎదురు ప్రశ్నకే.

సరే, లెక్కలోకి వద్దాం. మొదటి ముక్క ఆసు అయ్యే అవకాశం 52లో 4. అది వచ్చేశాక మిగిలింది 51 ముక్కలు, వాటిలో ఆసులు 3. రెండింటినీ గుణిస్తే 221లో 1. శాతంలో 0.45. ఇంకో దారి కూడా ఉంది. 52 ముక్కల్లోంచి రెండింటిని ఎన్నిరకాలుగా తీయొచ్చు? 52ని 51తో గుణించి రెండుతో భాగిస్తే 1,326. నాలుగు ఆసుల్లోంచి రెండింటిని తీసే విధానాలు 6. ఆరుని 1,326తో భాగించినా అదే 221లో 1.

ఇంతవరకు అందరూ బాగానే వస్తారు. బోల్తా పడేది తర్వాతి ప్రశ్న దగ్గర: ఒక ఆసు, ఒక రాజు వచ్చే అవకాశం ఎంత? చాలామంది 4/52ని 4/51తో గుణించి 0.6 శాతం అనేస్తారు. తప్పు. ఆసు ముందొచ్చి రాజు తర్వాత రావొచ్చు, రాజు ముందొచ్చి ఆసు తర్వాత రావొచ్చు. రెండూ కలపాలి. నాలుగు ఆసులు, నాలుగు రాజులు, మొత్తం 16 జతలు. 1,326లో 16 అంటే 1.2 శాతం. సరిగ్గా రెట్టింపు. ఇంటర్ సెకండియర్‌లో ప్రస్తారాలు, సంయోగాలు అని రెండు మాటలు బట్టీపట్టి, 'క్రమం ముఖ్యమైతే ఇది, కాకపోతే అది' అని రాసుకున్నాం కదా. ఆ వాక్యం నోటికి వచ్చినవాళ్లే ఇక్కడ పడిపోతున్నారు. లవంలో క్రమం లెక్కపెట్టి, హారంలో వదిలేస్తారు. లేదా అటుది ఇటు. రెండుచోట్లా లెక్కపెట్టండి, లేదంటే రెండుచోట్లా వదిలేయండి. ఎలా చేసినా జవాబు ఒకటే వస్తుంది. నాకు తెలిసి ఈ ఒక్క విషయం అర్థమైతే ప్లేస్‌మెంట్ పరీక్షల్లో వచ్చే ముక్కలు, బంతులు, కమిటీల లెక్కల్లో సగం తప్పులు పోతాయి.

ఇందులోంచే ఓ చిన్న వింత. జంట ఆసులకు 6 జతలే ఉంటే, ఆసు-రాజుకు 16. అంటే ఏ రెండు వేర్వేరు ముక్కల కలయికైనా ఏ జంటకన్నా రెండున్నర రెట్లకు పైగా ఎక్కువసార్లు వస్తుంది. జాతుల పేర్లు తీసేసి, ఒకే జాతివా కాదా అన్నది మాత్రం చూస్తే 1,326 జతలూ 169 రకాలకు కుదించుకుపోతాయి. జంటలు 13, ఒకే జాతివి 78, వేరు జాతులవి 78. సరిచూసుకోవాలంటే ఒక్కో జంటకు 6, ఒకే జాతి రకానికి 4, వేరు జాతులకు 12 వేసి కూడండి: 78, 312, 936. మొత్తం మళ్లీ 1,326. ఇలా కూడి చూసుకునే అలవాటు ఉన్నవాడు కోడ్ రాసినా టెస్ట్ కేసులు రాస్తాడని నా నమ్మకం. ఏదో ఒక జంట పడే అవకాశానికి పెద్ద లెక్క కూడా అక్కర్లేదు. మొదటి ముక్క ఏదైనా కానీండి, దానికి జోడీ మిగిలిన 51లో 3. అంటే 17లో 1. రెండూ ఒకే జాతివి కావడానికి 51లో 12, అంటే 17లో 4. ఇవి నోటిలెక్కలే.

పైథాన్ వచ్చినవాళ్లు ఇక్కడ కాగితం నమ్మక్కర్లేదు. ఇటర్‌టూల్స్‌లోని కాంబినేషన్స్ ఫంక్షన్‌కు 52 ముక్కల జాబితా ఇస్తే 1,326 జతలూ వరసగా వచ్చేస్తాయి, వాటిలో కావాల్సినవి లెక్కపెట్టడమే. లేదంటే ర్యాండమ్‌గా లక్షసార్లు పంచి చూడండి. జంట ఆసులు సుమారు 452సార్లు రావాలి. కానీ ఒకసారి 430 వస్తుంది, ఇంకోసారి 471. కోడ్ తప్పా? కాదు. ఇలాంటి అరుదైన సంఘటనల్లో ఊగిసలాట ఆ సంఖ్యకు వర్గమూలం అంత ఉంటుంది, ఇక్కడ 21. అటూ ఇటూ 40 దాకా తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. 900 వస్తే మాత్రం ఎక్కడో క్రమం లెక్క రెట్టింపైందని అర్థం. డేటా ఉద్యోగంలో రోజూ చేసేది దాదాపు ఇదే పని. వచ్చిన తేడా నిజమైనదా, ఊగిసలాటా అని తేల్చడం.

చేతిలో ముక్కలు చూశాక

ఇంటర్వ్యూలో నాకు బాగా ఇష్టమైన మూడో ప్రశ్న ఇది. మీ చేతిలో జంట రాజులున్నాయి. ఎదుటివాడి దగ్గర జంట ఆసులుండే అవకాశం ఎంత? ఇప్పుడు తెలియని ముక్కలు 50. వాటిలోంచి 1,225 జతలు, ఆసుల జతలు 6. అర శాతం కన్నా కాస్త తక్కువ. బల్ల చుట్టూ తొమ్మిది మంది ఉంటే, వాళ్లలో ఎవరో ఒకరి దగ్గర ఉండే అవకాశం సుమారు 4.4 శాతం. ఇప్పుడు చిన్న మార్పు. మీ చేతిలో జంట రాజుల బదులు ఒక ఆసు, ఒక రాజు ఉన్నాయనుకోండి. మిగిలిన ఆసులు మూడే, వాటితో జతలు మూడే. ఎదుటివాడి దగ్గర జంట ఆసులుండే అవకాశం ఒక్కసారిగా సగమైంది. ఎదుటివాడి ముక్కలు మీరు చూడలేదు, పేకను మళ్లీ కలపలేదు. మారింది మీకు తెలిసిన సమాచారం ఒక్కటే. షరతుతో కూడిన సంభావ్యత అని పుస్తకంలో పేరు పెట్టి, బేయిస్ సిద్ధాంతం రాయించి, కొన్ని మార్కులకు వదిలేసిన విషయం ఇదే. స్పామ్ ఫిల్టర్ దగ్గర్నుంచి మెడికల్ టెస్టు దాకా నడిపించేది ఇదే.

ట్రేడింగ్ సంస్థ సస్క్వెహానా కొత్తగా చేరిన ట్రేడర్లకు పోకర్ నేర్పించడం వెనకున్నదీ ఈ సంగతే. ఎంఐటీ పోకర్ థియరీ మీద పెట్టిన కోర్సు ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏఐ వైపు వెళ్లాలనుకునేవాళ్లు 2017లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ తయారుచేసిన లిబ్రాటస్ గురించి చదవండి. నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్ల మీద 1,20,000 చేతులు ఆడి గెలిచింది. చెస్‌లో బల్ల మీదున్నదంతా ఇద్దరికీ కనిపిస్తుంది. పోకర్‌లో ఎదుటివాడి ముక్కలు కనిపించవు. ఆ తేడా వల్లే కంప్యూటర్‌కు పోకర్ అంత ఆలస్యంగా చిక్కింది.

ఇదంతా చదివి 'లెక్క వస్తే డబ్బులొస్తాయన్నమాట' అనుకునేవాళ్లు ఉంటారు. నేనూ అనుకున్నాను.

బీటెక్ ఫైనలియర్. మాది ఆంధ్రాలో కాలేజీ. ఆన్‌లైన్ పేకాటను తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రాలో ఆ నిషేధం 2020లో వచ్చింది. మధ్యలో మా బ్యాచ్ దొరికింది. హాస్టల్ రూమ్‌లో ఎక్సెల్ షీట్ తెరిచి 169 రకాల చేతులకూ శాతాలు వేసుకున్నాను. ఏది ఆడాలి, ఏది పారేయాలి అన్నీ రంగులతో. నాలుగు నెలల్లో సుమారు 11,000 చేతులు ఆడాను. లెక్క ప్రకారం జంట ఆసులు 50సార్లు రావాలి. 47సార్లు వచ్చాయి. నా సంభావ్యతలో ఏ తప్పూ లేదు. అయినా 23,400 రూపాయలు పోయాయి. అమీర్‌పేటలో జావా కోర్సుకూ, రెండు నెలల హాస్టల్‌కూ అని నాన్న పంపిన డబ్బు అందులో ఉంది.

తర్వాత కూర్చుని ఆ షీట్ మళ్లీ చూశాను. పోయినదాంట్లో 14 వేల పైచిలుకు యాప్ కోసుకున్న కమీషనే. గెలిచిన ప్రతి చేతిలోంచీ కాస్త కాస్త కోసుకుంటుంది కాబట్టి ఆడేటప్పుడు తెలియదు. చిన్న లెక్క చూడండి. సరిసమానమైన ఇద్దరు చెరో 50 రూపాయలు పెట్టారు. కుప్ప 100. యాప్ అందులో 5 తీసుకుంటుందనుకుందాం. గెలిచినవాడికి 95. సగం సార్లు గెలుస్తారు కాబట్టి 50 పెట్టినవాడికి సగటున తిరిగొచ్చేది 47 రూపాయల 50 పైసలు. చేతికి రెండున్నర పోయింది. ఇలా 200 చేతులైతే ఇద్దరి దగ్గర్నుంచీ చెరో 500 పోతాయి. ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు, ఇద్దరూ నష్టపోయారు. ఆ బల్ల దగ్గర లాభంలో ఉండాలంటే మిగతావాళ్లకన్నా కాస్త మెరుగైతే చాలదు, కమీషన్‌ను దాటేంత మెరుగవ్వాలి. నేను మెరుగే. అంత మెరుగు కాదు.

ఇంకోటి. మంచి చెయ్యి పడే అవకాశం వేరు, ఆ చేతితో గెలిచే అవకాశం వేరు. నా షీట్‌లో మొదటిది మాత్రమే ఉండేది. జంట ఆసులు పట్టుకుని ఎదుట ఏ ముక్కలున్నాయో తెలియని ఒక్కడితో చివరిదాకా వెళ్తే 85 శాతం గెలుస్తారు. అదే తొమ్మిది మందీ చివరిదాకా ఉంటే 31 శాతమే. పదిమందిలో ఒకరి వాటా 10 శాతం కాబట్టి 31 అంటే గొప్పే, కానీ మూడింట రెండుసార్లకు పైగా ఓడిపోయే గొప్ప. జంట ఆసులకు ఎదురుగా జంట రాజులున్నా, ఆసులు గెలిచేది 82 శాతం. అలాంటి సందర్భం ఐదుసార్లు వస్తే ఐదుసార్లూ గెలిచే అవకాశం 37 శాతం. మిగతా 63 శాతంలో ఎక్కడో ఒకచోట ఓడిపోతారు. ఆ ఒక్కచోట ఖాతాలో ఉన్నదంతా పెట్టేసి ఉంటే? నేను పెట్టాను, రెండుసార్లు.

చట్టం సంగతి చూస్తే, ఇది నైపుణ్యమా అదృష్టమా అన్న వాదన మనకు కొత్త కాదు. 1960ల చివర్లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెప్పింది సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్ కేసులోనే. అదే తీర్పులో మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టం కింద తీసేసింది. ఆ తేడాను పట్టుకునే ఏళ్ల తరబడి ఆన్‌లైన్ కంపెనీలు 'మాది స్కిల్ గేమ్' అని ప్రకటనలు ఇచ్చుకున్నాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. నా అభిప్రాయం అడిగితే, ఆ వాదనంతా అనవసరం. పోకర్‌లో నైపుణ్యం ఉంది, నిజమే. కానీ నెలకు ఐదారు వేల పాకెట్ మనీ ఉన్న కుర్రాడికి ఆ నైపుణ్యం బయటపడేలోపే డబ్బు అయిపోతుంది. పదివేల చేతుల తర్వాత కానీ తెలియని విషయాన్ని పదిహేను వందల రూపాయలతో తెలుసుకోలేం. నిషేధం ఉన్నా టెలిగ్రామ్ లింకులతో విదేశీ సైట్లలోకి వెళ్తున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అక్కడ డబ్బు ఇరుక్కుంటే అడగడానికి కూడా ఎవరూ ఉండరు.

ఇరవై దరఖాస్తులు

ఉద్యోగాల వేటకూ ఈ లెక్కకూ ఓ దగ్గరి చుట్టరికం ఉంది. 221లో ఒకటి అంటే 221 చేతులాడితే జంట ఆసులు కచ్చితంగా వస్తాయని చాలామంది అనుకుంటారు. 221 చేతుల్లో ఒక్కసారీ రాకపోయే అవకాశం 37 శాతం. ఇలాగే, ఒక్కో దరఖాస్తుకు 20లో 1 వంతు అవకాశం ఉందనుకుని 20 దరఖాస్తులు పెడితే ఒక్క కాల్ కూడా రాకపోయే అవకాశం 36 శాతం. అంటే క్లాసులో ముగ్గురు అలా పెడితే అందులో ఒకరికి ఏ తప్పూ చేయకపోయినా శూన్యమే మిగలొచ్చు. ఆ ఒకరు మీరైతే 'నాలో ఏదో లోపం ఉంది' అని గదిలో తలుపేసుకోవడం తొందరపాటు. 60 పెట్టండి, ఆ 36 కాస్తా 5 శాతం లోపుకు పడిపోతుంది.

కానీ ఇక్కడో మెలిక. ఈ గుణకారమంతా ఒక్కో దరఖాస్తూ విడివిడిదైతేనే చెల్లుతుంది. పేకలో ప్రతి చేతికీ ముక్కలు మళ్లీ కలుపుతారు. మీరు అదే రెజ్యూమె, అందులో అదే తప్పుడు ఫోన్ నంబరు, అదే 'హార్డ్‌వర్కింగ్ అండ్ సిన్సియర్' లైన్‌తో 60 చోట్లకు పంపితే అది 60 చేతులు కాదు, ఒకే చెయ్యిని 60సార్లు చూడటం. ఇరవై అయ్యాక ఒక్క కాల్ కూడా రాకపోతే ఇది ఊగిసలాటా, రెజ్యూమె తప్పా అన్నది ఒక్క ఇరవైతో తేలదు. సగం మార్చి పంపి చూస్తే తేలడం మొదలవుతుంది. నేను మూడో నెలలో రెజ్యూమె మార్చాను. అప్పటిదాకా నా ప్రాజెక్టుల వరసలో అందరూ చేసే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఉండేది. దాని స్థానంలో ఆ ఎక్సెల్ షీట్‌నే పైథాన్‌లో తిరిగి రాసి, చేతుల సిమ్యులేషన్ అని పెట్టాను. కమీషన్ వల్ల సగటు ఎలా పడిపోతుందో చూపించే గ్రాఫ్‌తో సహా. ఉద్యోగమిచ్చిన కంపెనీ ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు దాని గురించే అడిగారు. అందులో నా డబ్బెంత పోయిందో మాత్రం చెప్పలేదు.

చివరిగా, చేసి చూడాలనుకునేవాళ్లకు మన మూడు ముక్కలాటలోంచే ఓ లెక్క. 52లోంచి మూడు ముక్కలు తీసే విధానాలు 22,100. ఆటలో అన్నిటికన్నా పెద్దది మూడూ ఒకటే అయిన ట్రయల్. మూడు ఆసులో, మూడు రాజులో. అలాంటివి 52. దాని తర్వాతిది ఒకే జాతిలో వరసగా వచ్చే ప్యూర్ సీక్వెన్స్. ఆసు-రెండు-మూడు దగ్గర్నుంచి రాణి-రాజు-ఆసు దాకా 12 వరసలు, నాలుగు జాతులు, మొత్తం 48. అంటే అరుదైనది ప్యూర్ సీక్వెన్స్. కానీ గెలిచేది ట్రయల్. క్యాసినోల్లో ఆడే త్రీ కార్డ్ పోకర్‌లో ఈ వరస సరిదిద్దారు, అక్కడ 48దే పైచేయి. మన ఆటలో మాత్రం అలాగే ఉండిపోయింది.

మొన్న సంక్రాంతికి ఊళ్లో ఇదే విషయం బాబాయ్‌కి చెప్పాను. కాగితం మీద రాసి కూడా చూపించాను. చూశాడు. "బాగుందిరా, ఇంతకీ నువ్వు పట్టింది ట్రయలా, ప్యూరా?" అన్నాడు. నేను ఆడటం లేదన్నాను. "అయితే పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం" అన్నాడు.